చిగురుగుంటలో బంగారం ఉంది, గని ఎందుకు నడవడం లేదు?

పసిడి ధర ఎగబాకినప్పుడల్లా కుప్పం వైపు ఒక ప్రశ్న లేస్తుంది. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు మళ్లీ తెరుస్తారా? టీకొట్టు దగ్గర దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "బంగారం అయిపోయింది, అందుకే మూసేశారు" అనేది ఒకటి. "కింద టన్నుల కొద్దీ ఉంది, కావాలనే మూసేశారు" అనేది రెండోది. మొదటి మాట తప్పు. రెండో దాంట్లో "టన్నుల కొద్దీ" వరకు నిజమే. అయితే ఆ టన్నులు ఎన్ని, ఎంత రాయిలో కలిసి ఉన్నాయి, బయటికి తీయడానికి ఎంతవుతుంది అనే లెక్క వేయకపోతే ఆ నిజం మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లదు. భూమిలో బంగారం ఉండటం వేరు, గని నడవడం వేరు. ఈ రెంటి మధ్య దూరమే ఈ ప్రాంతపు వందేళ్ల పైచిలుకు కథ.

సరిహద్దు పట్టని రాయి

కోలారు బంగారు గనులు కర్ణాటకలో, చిగురుగుంట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. భూగర్భ శాస్త్రానికి మాత్రం ఇవి రెండూ ఒకే ఇంటివి. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్ల పొడవున, మూడు నుంచి ఆరు కిలోమీటర్ల వెడల్పున నల్లటి రాయి పట్టీ ఒకటి పరుచుకుని ఉంది. దాన్ని కోలారు షిస్ట్ పట్టీ అంటారు. దాని దక్షిణ భాగం గుడుపల్లె మండలం మీదుగా సాగుతుంది. అటూ ఇటూ ఉన్నది మనకు అలవాటైన తెల్ల, బూడిద రంగు గ్రానైట్, నైస్ శిలలు. కుప్పం చుట్టూ కనిపించే బండరాళ్లు చాలావరకు ఈ రకమే.

ఆ నల్లరాయి పేరు యాంఫిబోలైట్. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పారిన బసాల్ట్ లావా ఇది. తర్వాత భూమి లోపలికి కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ రూపం మార్చుకుంది. అప్పటికి చేపలు లేవు, చెట్లు లేవు, గాలిలో పీల్చుకోదగ్గ ఆక్సిజన్ లేదు.

ఈ పట్టీ ఇక్కడికెలా వచ్చిందన్నది చాలాకాలం నలిగిన ప్రశ్న. ఉన్న ఖండమే చీలి, ఆ చీలికలోకి లావా ఉబికిందని ఒక వాదన. విడివిడిగా ఉన్న రెండు భూఖండాలు ఢీకొన్నప్పుడు మధ్యలో చిక్కుకున్న సముద్రపు అడుగే ఇదని మరో వాదన. ఢిల్లీలోని జేఎన్‌యూకు చెందిన వి. రాజామణి, అమెరికన్ శాస్త్రవేత్తలతో కలిసి 1980 దశకంలో పట్టీకి రెండు వైపులా ఉన్న నైస్ శిలల వయసు లెక్కగట్టారు. పడమటి వైపు రాళ్లలో 300 కోట్ల ఏళ్లు దాటిన పాత భూపటలం జాడలున్నాయి. తూర్పు వైపు రాళ్లకు అంత పాత చరిత్ర కనిపించలేదు. రెండు వైపులా పుట్టుక వేరైతే అవి ఎక్కడో ఒకచోట అతుక్కుని ఉండాలి. ఈ ఆధారంతో రెండో వాదన బలపడింది. ఇది పండితుల వ్యవహారమని తోసేయడానికి లేదు. బంగారం వచ్చి కూర్చున్నది ఆ అతుకు వెంబడే.

రాతిలోకి బంగారం ఎలా చేరింది

లోతుల్లోని వేడి నీరు, దానితో పాటు గంధకం, బొగ్గుపులుసు వాయువు రాతి పగుళ్ల గుండా పైకి వస్తాయి. గంధకంతో జట్టుకట్టిన బంగారం ఆ నీటిలో కరిగి ప్రయాణిస్తుంది. ఆ నీరు ఇనుము ఎక్కువగా ఉన్న యాంఫిబోలైట్‌ను తాకగానే గంధకం ఇనుముతో కలిసి పైరైట్, పైరొటైట్ లాంటి ఖనిజాలుగా మారిపోతుంది. జోడీ విడిపోయిన బంగారం కరిగి ఉండలేక అక్కడే దిగబడుతుంది. పగులులో మిగిలిన సిలికా గడ్డకట్టి పలుగురాయి అవుతుంది. గని మనుషులు రీఫ్ అని పిలిచేది ఈ పలుగురాయి చారనే.

కోలారులో పేరుమోసిన ఛాంపియన్ రీఫ్ ఈ జాతిదే. అందులో బంగారం చాలావరకు విడిగా, పలుగురాయిలో రేణువులుగా ఉంటుంది. రాయిని దంచితే చాలు, చాలా భాగం బయటపడుతుంది. అదే పట్టీలో మరికొన్ని పొరల్లో పలుగురాయి తక్కువ, గంధక ఖనిజాలు ఎక్కువ. బంగారం ఆర్సెనోపైరైట్ లాంటి ఖనిజాల్లో చిక్కుకుపోతే దాన్ని విడదీయడం ఖర్చుతో కూడిన పని. పైగా ఆ ఖనిజంలో పాషాణం, అంటే ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుంది.

పగులు పొడవునా బంగారం ఒకే తీరుగా పేరుకోదు. వంపు తిరిగిన చోట, రెండు పగుళ్లు కలిసిన చోట కుప్పగా దిగుతుంది. ఆ పక్కనే వంద మీటర్ల మేర రీఫ్ ఖాళీగా, తెల్లగా ఉంటుంది. "ఇక్కడ రీఫ్ దొరికింది" అనే వార్త బంగారం దొరికినట్టు కాదు.

పాత తవ్వకాలు చూపిన దారి

దక్కన్‌లో బంగారం తవ్వకం బ్రిటిష్ వారితో మొదలవలేదు. కర్ణాటకలోని హట్టిలో పాత గుంతల్లో దొరికిన కలప వయసు పరీక్షిస్తే సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది. రాతికి మంటపెట్టి, నీళ్లు చల్లి పగలగొట్టడం నాటి పద్ధతి. నీటి ఊట అడ్డుపడితే అక్కడితో ఆపేసేవారు.

1802లో జాన్ వారెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దు కొలుస్తూ ఈ ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని విని, తెచ్చి చూపినవారికి బహుమతి ప్రకటించాడు. ఊరివాళ్లు బండ్ల మీద మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి రేణువులు చూపించారు. ఒకవైపు రాజ్యాల మధ్య గీత గీస్తూ, ఆ గీతను లెక్కచేయని బంగారాన్ని అతను కాగితం మీదికెక్కించడం నాకు భలేగా అనిపిస్తుంది. గీతకు అటు మైసూరు రాజ్యం, ఇటు కంగుంది జమీందారీ. అటు ఇటు పాలకులు వేరు, అనుమతులు వేరు. ఆ తేడా ఈనాటికీ రెండు రాష్ట్రాల రూపంలో ఉంది.

తర్వాతి డెబ్భై ఏళ్లలో జరిగిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి వచ్చిన మైఖేల్ లావెల్ 1870ల్లో మైసూరు ప్రభుత్వం నుంచి అనుమతి సంపాదించాడు గానీ పెట్టుబడి చాలక హక్కులు అమ్ముకున్నాడు. 1880లో మైసూర్ గోల్డ్ మైనింగ్ కంపెనీ ఏర్పడింది. దాని డబ్బూ దాదాపు ఖర్చయిపోయి, మూసేద్దామనుకుంటున్న దశలో ప్లమ్మర్ అనే గని మేనేజర్ పాత తవ్వకాల కింద మరికాస్త లోతుకు పోయి చూశాడు. ఛాంపియన్ రీఫ్ తగిలింది. 1902లో శివసముద్రం జలవిద్యుత్ కోలారుకు చేరింది. గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. మొత్తంగా 800 టన్నుల దాకా బంగారం బయటికొచ్చింది. ఆ చీకట్లోకి దిగిన కూలీల్లో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు చాలామంది. ఇప్పటి చిత్తూరు జిల్లాలో చాలా భాగం 1911 వరకు ఆ జిల్లాలోదే.

ఒకే పట్టీ అయినప్పుడు అటు 800 టన్నులు, ఇటు అందులో పిసరంతేనా? దీనికి రెండు అభిప్రాయాలున్నాయి. దక్షిణానికి పోయేకొద్దీ పట్టీ సన్నబడుతుంది కాబట్టి, ఛాంపియన్ లాంటి రీఫ్ ఏర్పడే వీలు ఇక్కడ ప్రకృతిలోనే తక్కువన్నది మొదటిది. పెట్టుబడి, యంత్రాలు, నిపుణులు అన్నీ ఛాంపియన్ చుట్టూ మూగడంతో దక్షిణాన లోతుగా వెతికినవారే లేరన్నది రెండోది. మొదటి అభిప్రాయానికి రాతి పటం అండగా ఉంది. రెండోదానికి ప్లమ్మర్ అనుభవం ఉంది. నా మొగ్గు మొదటివైపే. కానీ బోర్లు వేయనిదే ఈ తగువు తేలదు.

బోరు వేస్తే తెలిసేదెంత

అన్వేషణ ఒక్క అడుగులో అయ్యే పని కాదు. మన దేశంలో దాన్ని జీ4 నుంచి జీ1 వరకు నాలుగు మెట్లుగా విభజించారు. జీ4 అంటే రాళ్ల పటం గీసి, మట్టీ రాయీ నమూనాలు తీసి చూసే తొలి పరిశీలన. జీ3, జీ2లో దూరదూరంగా బోర్లు పడతాయి. జీ1 నాటికి బోర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇక్కడ బోరంటే నీళ్ల బోరు కాదు. వజ్రపు మొన ఉన్న గొట్టంతో రాతిని స్తంభంలా కోసి పైకి తీస్తారు. ఆ స్తంభం ముక్కను పొడిచేసి, సీసంతో కరిగించి, ఒక టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం వస్తుందో తేలుస్తారు.

ఇక్కడే బంగారం మనిషిని మోసం చేస్తుంది. ఒక ఊహా లెక్క వేద్దాం. అయిదు బోర్లలో టన్నుకు 0.3, 1.0, 22, 0.8, 1.9 గ్రాములు వచ్చాయి. సగటు 5.2 గ్రాములు, చూడ్డానికి మంచి గనే. ఆ 22 గ్రాముల బోరును తీసేస్తే సగటు 1.0 గ్రాముకు పడిపోతుంది. ఆ ఒక్క బోరు నిజంగా బంగారపు కుప్పను తాకిందా, లేక ఒక్క పెద్ద రేణువు గొట్టంలో ఇరుక్కుందా? చుట్టూ మరో పది బోర్లు వేస్తే గానీ చెప్పలేం. బంగారం అన్వేషణలో ఏళ్లు గడిచేదీ డబ్బు కరిగేదీ ఈ దశలోనే.

రెండో మెలిక రీఫ్ మందానిది. టన్నుకు 8 గ్రాములున్న రీఫ్ ఒక మీటరే మందం అనుకోండి. మనిషీ యంత్రమూ పట్టాలంటే 1.6 మీటర్ల వెడల్పున తవ్వాలి. పక్కనున్న వట్టి రాయి కలిసి పైకి వచ్చేసరికి 8 గ్రాములు 5 గ్రాములవుతాయి. నివేదికలో ఒక అంకె, మిల్లు గేటు దగ్గర మరో అంకె ఉండటానికి కారణం ఎప్పుడూ దొంగతనమే కానక్కర్లేదు.

చిగురుగుంట విషయానికి వస్తే, 2001కి ముందు ప్రభుత్వ రంగ సంస్థ బీజీఎంఎల్, అంటే భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్, ఇక్కడ గని నడిపింది. కాబట్టి ఇది తొలి మెట్టు మీదున్న చోటు కాదు. భూమి కింద సొరంగాలున్నాయి, వాటి పటాలున్నాయి. 2018లో వేలం జరిగినప్పుడు చిగురుగుంట–బిసానత్తం బ్లాకు 263 హెక్టార్లని, అందులో 18.3 లక్షల టన్నుల ముడి ఖనిజం ఉందని, టన్నుకు సగటున 5.15 గ్రాముల బంగారమని చూపారు. ఆ వేలంలో బ్లాకు కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది.

18.3 లక్షల టన్నులంటే ఎంత బంగారం

18.3 లక్షలను 5.15తో హెచ్చిస్తే 94 లక్షల గ్రాములు, అంటే 9.4 టన్నులు. శుద్ధిలో అంతా చేతికి రాదు. 85 శాతం వస్తుందనుకుంటే 8 టన్నులు. మన దేశం ఏటా కొనే బంగారం స్థూలంగా 700–800 టన్నులు. ఆ లెక్కన గని జీవితకాలపు దిగుబడి మొత్తం దేశానికి సుమారు నాలుగు రోజుల వాడకం. అదే 8 టన్నులు గ్రాము 10,000 రూపాయల చొప్పున చూస్తే 8,000 కోట్లు. రెండు అంకెలూ సరైనవే. మొదటిది చెప్పేవారు "ఇంత చిన్నదా" అంటారు, రెండోది చెప్పేవారు "ఇంత పెద్దదా" అంటారు. ఒక్కటే చెప్పేవారితో జాగ్రత్తగా ఉండాలి.

రాయి వైపు నుంచి చూస్తే బొమ్మ ఇంకోలా ఉంటుంది. మూడు టన్నుల ట్రాక్టరు లోడులో 15 గ్రాముల పైచిలుకు బంగారం ఉంటుంది. శుద్ధి చేశాక చేతికొచ్చేది 13 గ్రాములు, రెండు కాసులు కూడా నిండవు. కంటికి ఆ లోడంతా వట్టి రాయే.

"ఉన్న ఖనిజం" అనే మాటనూ విడదీసి చూడాలి. బోర్ల ఆధారంగా ఇంత ఉండొచ్చని అంచనా వేసినది వనరు. నేటి ధరకు, నేటి ఖర్చుకు, నేటి చట్టాల ప్రకారం లాభంగా తీయగలమని నిరూపించిన భాగం నిల్వ. వార్తల్లో ఈ రెండూ "నిక్షేపాలు" అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. వనరు రాతి మీద ఆధారపడుతుంది. నిల్వ మాత్రం రాయి కదలకపోయినా బజారు కదిలితే పెరుగుతుంది, తరుగుతుంది.

2001లో లెక్క ఎందుకు తప్పింది

బీజీఎంఎల్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. దానితో పాటే చిగురుగుంట, నాటి అనంతపురం జిల్లా రామగిరిలోని యెప్పమాన గని ఆగిపోయాయి. అప్పట్లో అంతర్జాతీయ బజారులో ఔన్సు, అంటే 31.1 గ్రాములు, దాదాపు 260 డాలర్లు. రూపాయల్లో గ్రాము 400 దరిదాపుల్లో ఉండేది. 5.15 గ్రాముల రాయి నుంచి 85 శాతం చొప్పున 4.4 గ్రాములు తీస్తే టన్నుకు వచ్చేది సుమారు 1,750 రూపాయలు. పేలుడు మందు, నీళ్లు తోడే కరెంటు, మిల్లు, సైనైడ్, జీతాలు, అన్నీ ఆ డబ్బులోనే గడవాలి. పైగా మాతృసంస్థ బీజీఎంఎల్ నెత్తిన కోలారు గనుల భారం ఉంది. అక్కడ చరిత్ర మొత్తం మీద సగటున టన్నుకు 15 గ్రాముల వరకు ఇచ్చిన రాయి, చివరి ఏళ్లకు మూడు నాలుగు గ్రాములకు దిగజారింది. ఆ రాయిని కిలోమీటర్ల లోతు నుంచి తోడాలి. 1992 నుంచే సంస్థ ఖాయిలా జాబితాలో ఉంది.

చిగురుగుంటకు కోలారంత లోతు లేదు. విడిగా ఉంటే బతికేదేమోనని వాదించేవారున్నారు. ఆ ధరలో ఏ చిన్న గనీ సొంతంగా మిల్లు పెట్టుకుని నిలబడేది కాదని మరికొందరు అంటారు. అదే పట్టీలో కాకున్నా, కర్ణాటక ప్రభుత్వ యాజమాన్యంలో హట్టి గని ఆ గడ్డుకాలాన్ని దాటి నేటికీ నడుస్తోంది. కాబట్టి ధర ఒక్కటే కారణమని తేల్చేయలేం. నిర్వహణ పాత్ర కూడా ఉంది.

ధర పెరిగినా తలుపు ఎందుకు తెరుచుకోలేదు

2025లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. గ్రాము 10,000 రూపాయలే అనుకున్నా మన టన్ను రాయి విలువ 44,000 రూపాయలు. 2001తో పోలిస్తే ఇరవై అయిదు రెట్లు. అయినా గని ముందుకు నడవాలంటే దాటాల్సినవి మరికొన్ని ఉన్నాయి.

మొదటిది చట్టం. 1957 నాటి గనుల చట్టాన్ని 2015లో సవరించి, లీజులు వేలం ద్వారానే ఇవ్వాలన్నారు. తీసిన ఖనిజం విలువలో రాష్ట్రానికి ఎక్కువ శాతం ఇస్తామన్నవారికి గని దక్కుతుంది. ఉదాహరణకు ఎవరైనా 30 శాతం పాడారనుకుందాం. వంద రూపాయల బంగారంలో 30 వేలం వాటా, 4 రాయల్టీ, రాయల్టీ మీద లెక్కగట్టే జిల్లా ఖనిజ నిధి, అన్వేషణ నిధి కలిపి మరో అర రూపాయి. తవ్వకం, మిల్లు, వడ్డీ, నష్టభయం అన్నీ మిగిలిన 65లో సర్దుకోవాలి. పాట పెరిగేకొద్దీ ప్రభుత్వానికి లాభం, నిజమే. కానీ అదే రాతిలో "తీయదగ్గ" భాగం తగ్గుతుంది. 3 గ్రాముల రాయి 65 రూపాయల లెక్కకు అందక లోపలే ఉండిపోవచ్చు.

రెండోది నీళ్లు. ఏళ్ల తరబడి వదిలేసిన సొరంగాలు నిండిపోతాయి. వాటిని తోడి, రాతి బలం పరీక్షించి, పాత దారులు వాడుకోవచ్చో కొత్తవి తవ్వాలో తేల్చుకోవాలి. మూడోది పరిమాణం. రోజుకు 500 టన్నుల చొప్పున ఏడాదికి 300 రోజులు తవ్వితే 18.3 లక్షల టన్నులకు పన్నెండేళ్లు. రోజుకు 1,000 అయితే ఆరేళ్లు. ఆరేళ్ల కోసం మిల్లు కడితే పెట్టుబడి రాబట్టుకోవడం కష్టం. పన్నెండేళ్లకు సాగదీస్తే ఏడాది ఆదాయం సగం. లోతుకు బోర్లు వేసి వనరును పెంచుకోగలిగితే ఈ చిక్కు వదులుతుంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఇంతకంటే చాలా తక్కువ శ్రేణి రాతి మీద ప్రైవేటు కంపెనీ గని పెట్టగలగడానికి కారణం అక్కడ పైనుంచే గొయ్యిలా తవ్వుకోగలగడం. సన్నటి రీఫ్ వెంట సొరంగంలో పోవాల్సిన చోట ఆ వెసులుబాటు ఉండదు.

గని కావాలనేవారు, భయపడేవారు

కుప్పం ప్రాంతం నుంచి బెంగళూరుకు పొద్దున్నే రైలెక్కి పనికి పోయి రాత్రికి తిరిగొచ్చేవారు తక్కువేమీ కాదు. ఊరి దగ్గరే పని దొరకాలన్న కోరిక న్యాయమైనది. జిల్లా ఖనిజ నిధిలో పడే డబ్బు గని ప్రభావిత గ్రామాలకే ఖర్చు కావాలని చట్టం చెబుతోంది. కానీ నేటి గని కోలారు నాటి గని కాదు. ఒకప్పుడు వేలమంది చేతులతో చేసిన పనిని ఇప్పుడు యంత్రాలు చేస్తాయి. రోజుకు 500 టన్నుల గని ఊరికి ఊతమివ్వగలదు గానీ మరో కేజీఎఫ్‌ను, అంటే కోలారు లాంటి గని పట్టణాన్ని నిలబెట్టలేదు.

భయపడేవారు వేలెత్తి చూపేది కోలారు సైనైడ్ దిబ్బలను. బంగారం తీశాక మిగిలిన మూడు కోట్ల టన్నులకు పైగా పిండిలాంటి మట్టి అక్కడ కొండల్లా పడి ఉంది. ఎండాకాలం గాలికి అది ఇళ్ల మీదికి లేస్తుంది. సైనైడ్ ఎండకు, గాలికి కాలక్రమంలో విరిగిపోతుంది. ఎక్కువకాలం మిగిలే సమస్య గంధక ఖనిజాలది. వాన నీటితో అవి ఆమ్లంగా మారితే పాషాణం లాంటివి కరిగి నీళ్లలోకి చేరగలవు. గుడుపల్లె మండలం మెట్ట ప్రాంతం. కుప్పం చుట్టుపక్కల భూములు పాలారు పరీవాహకంలోకి వస్తాయి, చాలామంది రైతులు బతికేది బోరునీటి మీద. గనిలో నీళ్లు తోడితే పక్క బోర్లు ఎండుతాయా అన్న ప్రశ్న ఇక్కడ ఊరికే పుట్టింది కాదు.

దీనికి ఇంజినీర్ల దగ్గర జవాబులున్నాయి. అడుగున ప్లాస్టిక్ పొర పరిచిన మడుగులు, సైనైడ్‌ను విరిచేసి వదలడం, మిగిలిన పిండిని సిమెంటుతో కలిపి తవ్విన ఖాళీల్లోనే తిరిగి నింపడం ఇప్పుడు మంచి గనుల్లో మామూలు. అన్నీ ఖర్చుతో కూడినవే, ఆ ఖర్చూ పైన చెప్పిన 65 రూపాయల్లోంచే పోవాలి.

18.3 లక్షల టన్నుల రాయి పిండైతే ఘనమీటరుకు ఒకటిన్నర టన్ను చొప్పున సుమారు 12 లక్షల ఘనమీటర్లు. సగం తిరిగి సొరంగాల్లోకి పోయినా మిగతా 6 లక్షలను నాలుగు మీటర్ల ఎత్తున పోస్తే 15 హెక్టార్లు, అంటే 37 ఎకరాలు. ఏదీ లోపలికి పోకపోతే అది 74 ఎకరాలవుతుంది. పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో గ్రాముల గురించి అడిగేవారు ఎలాగూ ఉంటారు. ఆ ఎకరాలు ఏ సర్వే నంబర్లలో వస్తాయో, గని మూతపడ్డాక వాటిని చూసుకునే డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుందో అక్కడే రాతపూర్వకంగా తేలాలి.